కారం ఘాటుకు చెమ్మగిల్లని కళ్లు: ఒక షోగ్రెన్స్ సిండ్రోమ్ కేసు

నేపథ్యం

గుంటూరు ప్రాంతంలో జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేసేవారికి ఎండాకాలంలో పొటాషియం తగ్గి కాళ్లు చచ్చుబడిన రోగి కొత్త కాదు. విరేచనాలో, వాంతులో, ఎండలో పనిచేయడం వల్ల వచ్చిన నీరసమో అనుకుని, పొటాషియం ఎక్కించి, మనిషి లేచి నడవగానే ఇంటికి పంపడం చాలాచోట్ల జరిగేదే. చాలామంది విషయంలో అంతకు మించి చేయవలసిందీ ఉండదు. ఈ కేసులో పొటాషియం తగ్గడానికి విరేచనాలూ లేవు, వాంతులూ లేవు. దాని కారణం వెతుకుతూ పోతే కిడ్నీ దగ్గర మొదలైన దారి కళ్ల దగ్గరికీ నోటి దగ్గరికీ తీసుకుపోయింది. రోగి అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలు లేకుండా వయసు, ఊరు, కుటుంబం తాలూకు వివరాలు కొన్ని మార్చాను.

ఆమె వయసు నలభైలలో ఉంటుంది. పల్నాడు పల్లె నుంచి పెళ్లయ్యాక గుంటూరు శివారుకు వచ్చి స్థిరపడింది. మిర్చి సీజన్‌లో గోదాముల దగ్గర ఎండుమిరపకాయల తొడిమలు తీసే పనికి, మిగిలిన నెలల్లో పొలం కూలికి వెళ్తుంది. షుగర్ లేదు, బీపీ లేదు, పొగాకు అలవాటు లేదు. ఇద్దరు పిల్లలు పుట్టాక కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంది.

అప్పటికి కొన్నేళ్లుగా ఆమెకు రకరకాల బాధలు ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో చోట వైద్యం జరిగింది. కళ్ల మంటకు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న చుక్కలు వాడింది. వాటిలో ఒకటి స్టెరాయిడ్ కలిసినది. నోటి మంటకు 'వేడి చేసింది' అని సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, బి-కాంప్లెక్స్ బిళ్లలు. పళ్లు చిగుళ్ల దగ్గర పుచ్చి విరిగిపోతూ ఉంటే ఒక్కొక్కటే పీకించుకుంటూ వచ్చింది. కిడ్నీలో రాళ్లు ఉన్నాయని స్కానింగ్‌లో తేలినప్పుడు నీళ్లు బాగా తాగమన్నారు. కీళ్ల నొప్పులకు నొప్పి బిళ్లలు మింగుతోంది. విడివిడిగా చూస్తే వీటిలో తప్పుపట్టదగిన సలహా తక్కువే. మిరపకాయల మధ్య కూర్చునే మనిషికి కళ్లు మండుతాయి. పల్నాడు ఎండల్లో పనిచేసేవారికి రాళ్లు పడతాయి. ప్రతి లక్షణానికీ మన ప్రాంతంలో ఒక సిద్ధమైన సమాధానం ఉండడమే ఈ జబ్బు ఇన్నేళ్లు దాగడానికి కారణమని నా అభిప్రాయం.

ఆసుపత్రికి తెచ్చిన రోజు

మే నెలలో ఒక ఉదయం ఆమెను మంచం మీద నుంచి ఎత్తుకుని తెచ్చారు. ముందురోజు సాయంత్రం తొడలు బరువెక్కినట్టుంటే దగ్గరలోని ఆర్‌ఎంపీ చేత గ్లూకోజ్ సీసా పెట్టించుకుంది. రాత్రి గడిచేకొద్దీ బలం ఇంకా తగ్గింది. తెల్లవారేసరికి మెడ కూడా నిలపలేకపోయింది. 'మా ఆడమనిషికి పక్షవాతం కొట్టింది సార్' అన్నాడు భర్త.

పక్షవాతం సాధారణంగా ఒక పక్కకే వస్తుంది. ఈమెకు రెండు కాళ్లూ, రెండు చేతులూ ఒకే తీరుగా బలం కోల్పోయాయి. తొడలు, భుజాల దగ్గరి కండరాలు చేతులు, పాదాల చివరి కండరాల కంటే ఎక్కువగా దెబ్బతిన్నాయి. స్పర్శ చెక్కుచెదరలేదు, మాట స్పష్టంగా ఉంది, మూత్రం తెలిసే వస్తోంది. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమంటే ఇరవై దాటింది కాబట్టి అప్పటికి శ్వాస కండరాలకు ముప్పు లేదని అర్థమైంది. గీయాన్-బారే సిండ్రోమ్ (నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ చచ్చుబడే జబ్బు) గురించి ఆలోచించకుండా ఉండలేం గానీ, ఈసీజీలో టీ తరంగాలు అణిగిపోయి యూ తరంగాలు పైకి లేచి కనిపించడంతో రక్త పరీక్ష ఫలితం రాకముందే ఇది పొటాషియం లోపమని తెలిసింది. రక్తంలో పొటాషియం 1.9 మాత్రమే ఉంది.

గ్లూకోజ్ సీసా తర్వాత బలం ఎందుకు తగ్గిందో ఇక్కడ చెప్పాలి. గ్లూకోజ్‌కు స్పందనగా విడుదలయ్యే ఇన్సులిన్, రక్తంలో మిగిలిన కాస్త పొటాషియంనూ కణాల లోపలికి తోస్తుంది. నీరసానికి సీసా ఎక్కించడం మన పల్లెల్లో ఆదరంతో చేసే వైద్యమే అయినా, పొటాషియం అడుగంటిన మనిషికి అది కీడు చేస్తుంది. అందువల్ల మేము పొటాషియం క్లోరైడ్‌ను గ్లూకోజ్ లేని సెలైన్‌లోనే కలిపి, ఈసీజీ మానిటర్ చూస్తూ, చేతి నరం ద్వారా గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లకు మించకుండా ఇచ్చాము. మింగగలుగుతోంది కనుక సిరప్ కూడా మొదలుపెట్టాము.

ఇంతలో ధమని రక్త పరీక్ష వచ్చింది. పీహెచ్ 7.22, బైకార్బొనేట్ 13, సోడియం 138, క్లోరైడ్ 116. రక్తం ఆమ్లంగా ఉంది, యానియన్ గ్యాప్ (సోడియం నుంచి క్లోరైడ్, బైకార్బొనేట్ తీసేస్తే మిగిలేది) మాత్రం 9, అంటే మామూలే. ఆ ఆమ్లాన్ని చూసి వెంటనే బైకార్బొనేట్ ఇవ్వాలని చేయి లాగుతుంది. అది ఇస్తే పొటాషియం మరింతగా కణాల్లోకి పోయి, గుండె లయ తప్పవచ్చు, శ్వాస ఆగవచ్చు. పొటాషియం 3 దాటేదాకా బైకార్బొనేట్ ముట్టుకోకూడదని నిర్ణయించాము. మర్నాటికి ఆమె లేచి కూర్చుంది.

పొటాషియం ఎక్కడికి పోతోంది

ఇంటికి పంపే వేళకు మనిషి బాగానే ఉంది, భర్తకు పని పోతోంది, సెలవు అడుగుతున్నారు. ఆగమన్నది మూత్ర పరీక్ష కోసం. పొటాషియం పేగుల గుండా పోయినప్పుడు కిడ్నీ దాన్ని పొదుపుగా పట్టుకుంటుంది. మూత్రంలో పొటాషియం తక్కువగా కనిపిస్తుంది. ఈమె మూత్రంలో అది ధారాళంగా పోతోంది. రక్తంలో అంత ఆమ్లం ఉంటే కిడ్నీ దాన్ని బయటికి తోసి మూత్రపు పీహెచ్‌ను 5.5 కంటే కిందికి దించాలి; ఈమెది 7. మూత్రంలోని యానియన్ గ్యాప్ కూడా ధనాత్మకంగా వచ్చింది, అంటే కిడ్నీ ఆమ్లాన్ని సరిగా బయటికి పంపడం లేదు. వంశపారంపర్యంగా వచ్చే పీరియాడిక్ పెరాలిసిస్ (పొటాషియం తగ్గి అప్పుడప్పుడూ కండరాలు చచ్చుబడడం)లోనూ, థైరాయిడ్ ఎక్కువైనప్పుడు వచ్చే దానిలోనూ రక్తంలో ఇలాంటి ఆమ్లం ఉండదు. మిగిలింది డిస్టల్ రీనల్ ట్యూబ్యులర్ అసిడోసిస్ (ఆర్‌టీఏ), అంటే కిడ్నీలోని చివరి గొట్టాలు ఆమ్లాన్ని విసర్జించలేకపోవడం. పాత స్కానింగ్ తెప్పించి చూస్తే 'రాళ్లు' అన్నవి రెండు కిడ్నీల లోపలి భాగంలోనూ పరుచుకున్న కాల్షియం. రక్తంలోని ఆమ్లాన్ని సర్దడానికి ఎముకలు కాల్షియం వదులుతాయి, క్షార గుణం ఉన్న మూత్రంలో అది పేరుకుంటుంది. రాళ్లకూ పొటాషియంకూ మూలం ఒకటే.

అయితే డిస్టల్ ఆర్‌టీఏ అనేది ఒక జబ్బు చేసిన పని మాత్రమే. పెద్దయ్యాక కొత్తగా బయటపడితే, ముఖ్యంగా స్త్రీలలో, మొదట వెతకవలసింది షోగ్రెన్స్ సిండ్రోమ్‌ను. 1933లో స్వీడన్ కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ తన సిద్ధాంత గ్రంథంలో విస్తారంగా వర్ణించిన ఈ ఆటోఇమ్యూన్ జబ్బులో శరీరపు సొంత లింఫోసైట్లు (రోగనిరోధక వ్యవస్థలోని తెల్ల రక్తకణాలు) కన్నీటి గ్రంథులనూ లాలాజల గ్రంథులనూ ముట్టడిస్తాయి. కొందరిలో కిడ్నీ, ఊపిరితిత్తులు, నరాలు, చర్మం దాకా పోతాయి. రోగుల్లో పది మందికి తొమ్మిది మంది దాకా స్త్రీలే.

అప్పుడు తిరిగి మంచం దగ్గర కూర్చుని అడిగాను. పాఠ్యపుస్తకాల్లో ఉండే ప్రశ్న, నీళ్లు లేకుండా బిస్కట్ తినగలరా అని. ఇక్కడి రోగికి అది పెద్దగా అర్థం ఉన్న ప్రశ్న కాదు. 'అన్నం ముద్ద ముద్దకూ నీళ్లు తాగుతున్నావా అమ్మా?' అని అడిగితే వెంటనే జవాబు వచ్చింది: మజ్జిగన్నం తప్ప మరేదీ దిగడం లేదు, పచ్చడి మానేసి చాలా కాలమైంది, రాత్రి రెండుసార్లు లేచి నోరు తడుపుకోవాలి. తర్వాత కళ్ల గురించి. గోదాములో పక్కన కూర్చున్నవాళ్ల కళ్లు ఎలా ఉంటాయని అడిగాను. 'వాళ్లకు ధారగా కారతాయి డాక్టర్‌గారూ, నాకు మండడమే గానీ నీళ్లు రావు' అంది. మిర్చి మార్కెట్ యార్డుకు వేసవి సెలవులిచ్చి పని లేని రోజుల్లో కూడా కళ్లలో ఇసుక పోసినట్టే ఉంటుందట.

ఈ రెండు జవాబులూ ఎంతో విలువైనవి. కారం ఘాటు తగిలితే ఆరోగ్యకరమైన కన్ను చేసే మొదటి పని నీరు కార్చడం. మండుతున్నా నీరు రాని కంటిలో లోపం కంటిదే, మిరపకాయది కాదు. పని ఆగినా బాధ ఆగకపోవడం దానికి తోడు. గోదాములు, నూలు మిల్లులు, సిమెంటు పనులు, పొయ్యి పొగ ఉన్న చోటల్లా ఈ రెండు ప్రశ్నలూ పనికొస్తాయి. ఉల్లిపాయ తరిగితే కళ్లు నీళ్లు తిరుగుతున్నాయా, దుఃఖం వచ్చినప్పుడు కన్నీరు వస్తోందా అన్నవి కూడా ఇళ్లల్లో సులువుగా అర్థమయ్యే ప్రశ్నలే.

నిర్ధారణ

కంటి వైద్యురాలు చేసిన షర్మర్ పరీక్షలో ఐదు నిమిషాలకు కాగితం ఒక కంట 2, మరో కంట 3 మిల్లీమీటర్లే తడిసింది. 5 లేదా అంతకంటే తక్కువ అయితే అది లోపమే. నల్లగుడ్డు మీద రంగు వేసి చూస్తే చుక్కచుక్కలుగా దెబ్బతిని ఉంది. రక్తంలో సొంత కణాల మీదే పనిచేసే యాంటీబాడీలైన ఏఎన్‌ఏ, యాంటీ-రో, యాంటీ-లా పాజిటివ్. రుమటాయిడ్ ఫ్యాక్టర్ కూడా ఎక్కువగానే ఉంది. దాన్ని మాత్రమే చూసి కీళ్లవాతం అని రాసేస్తే దారి తప్పుతాం, ఈ జబ్బులో అది తరచుగా పాజిటివ్‌గా వస్తుంది. ఒంట్లో వాపును సూచించే పరీక్షల్లో ఈఎస్‌ఆర్ బాగా పెరిగి ఉండగా సీఆర్‌పీ మామూలుగా ఉంది. పాత లివర్ పరీక్షలో ఆల్బుమిన్ 3.4 కాగా మొత్తం ప్రొటీన్ 9.2 ఉన్నట్టు రాసి ఉంది. ఆ తేడా అంతా గ్లోబ్యులిన్లదే, అంటే యాంటీబాడీల వంటి ప్రొటీన్లదే. కాలేయం బాగుందని పక్కన పెట్టేసే కాగితంలో ఇలాంటి ఆధారాలు దొరుకుతుంటాయి.

పెదవి లోపలి నుంచి చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ గురించి కుటుంబం భయపడింది. అవసరమా అని మేమూ ఆలోచించాము. 2016 నాటి ఏసీఆర్-యూలార్ (అమెరికా, యూరప్ కీళ్ల వైద్యుల సంఘాల) ప్రమాణాల్లో యాంటీ-రోకు 3 మార్కులు, షర్మర్‌కు 1, కంటి రంగు పరీక్షకు 1, లాలాజలం నిమిషానికి 0.1 మిల్లీలీటరుకు మించకపోతే 1, బయాప్సీకి 3. మొత్తం 4 చేరితే చాలు. ఆమెకు అది చేరింది. బయాప్సీ నిర్ధారణను మార్చదు కనుక వదిలేశాము. యాంటీ-రో నెగటివ్ అయి ఉంటే పట్టుబట్టి చేయించేవాళ్లం. ఇదే తీరున నోరు ఎండించే హెపటైటిస్ సి, హెచ్‌ఐవీ లేవని పరీక్షించాము; మెడకు రేడియేషన్ తీసుకోలేదు; నోరు ఎండబెట్టే అమిట్రిప్టిలిన్, అలర్జీ బిళ్లల వంటివి వాడడం లేదు. నిజానికి మన దగ్గర నోరు ఎండిందని వచ్చే వారిలో షోగ్రెన్స్ కంటే షుగరూ, వాడే మందులూ కారణమైనవారే చాలా ఎక్కువ. ముందు వాటిని చూడాలి.

చేసినవి, పనిచేయనివి

ఇంటికి పంపేటప్పుడు తక్కువ ఖర్చని పొటాషియం క్లోరైడ్ సిరప్‌నే కొనసాగించాము. పొటాషియం 3.4కు వచ్చింది గానీ బైకార్బొనేట్ 16 దగ్గరే ఆగిపోయింది. క్లోరైడ్ ఆమ్లాన్ని చల్లార్చదు. ఆమ్లం ఉన్నంతకాలం కిడ్నీ పొటాషియంను పారబోస్తూనే ఉంటుంది. సోడా బైకార్బొనేట్ బిళ్లలు చవకే, కానీ సోడియం పెరిగితే మూత్రంలో కాల్షియం కూడా పెరుగుతుంది. అప్పటికే కిడ్నీలో కాల్షియం పేరుకున్న మనిషికి అది సరిపోదు. పొటాషియం సిట్రేట్ ఇస్తే క్షారమూ పొటాషియమూ ఒకేసారి అందుతాయి, సిట్రేట్ కాల్షియంను పట్టి ఉంచుతుంది. కిలో బరువుకు రోజుకు 1 నుంచి 2 మిల్లీ ఈక్వివలెంట్ల లెక్కన మూడు పూటలుగా పంచి, ఎక్కువ నీళ్లలో కలిపి తాగమన్నాము. మధ్యలో బాగానే ఉందని సిరప్ మానేసి, దాని బదులు కొబ్బరిబోండాలు తాగుతూ మళ్లీ తొడల బరువుతో వచ్చింది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఉన్న మాట నిజమే, అది ఈ నష్టాన్ని పూడ్చే మోతాదు కాదు. ఈ మందు జీవితాంతం తాగవలసినదని మొదటి రోజే చెప్పడం, 'నీరసానికి టానిక్' అనే మాట ఎవరూ వాడకుండా చూడడం, మోతాదు ఎంతన్నదాని కంటే ముఖ్యమని తేలింది.

కళ్ల విషయంలో దుకాణపు చుక్కలు ఆపించడం మొదటి పని. కన్నీటి బదులు వేసే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చుక్కలు రోజుకు నాలుగుసార్లకు మించి వేయవలసి వచ్చేసరికి అందులో కలిపిన బెంజల్కోనియం క్లోరైడ్ అనే నిల్వమందే మంట పెంచింది. నిల్వమందు లేనివి మార్చాము. ఖర్చు పెరిగింది, అందుకని పని రోజుల్లో పగలు అవి, రాత్రి చవకైన జెల్ అని సర్దుకున్నాము. కంటిలో వాపును తగ్గించే సైక్లోస్పోరిన్ 0.05 శాతం చుక్కలు పనిచేయడానికి నెలలు పడుతుంది, మొదట మండుతాయి కూడా. ఆ సంగతి చెప్పకుండా ఇస్తే రోగి వారంలో పడేస్తుంది. చెప్పి ఇచ్చాము కనుక నిలబడింది. వాపు తగ్గాక కన్నీటి రంధ్రాలకు ప్లగ్‌లు వేశారు. కూలర్ గాలి ముఖం మీదికి కాక గోడ వైపు తిప్పుకోవడం, పనిలో పక్కలు మూసుకునే కళ్లద్దాలు పెట్టుకోవడం వంటివి కూడా ఆమెకు మందుతో సమానంగానే పనిచేశాయి.

నోటికి పైలోకార్పిన్ 5 మిల్లీగ్రాముల బిళ్ల రోజుకు నాలుగుసార్లు అన్నది పుస్తకం చెప్పే మోతాదు. లాలాజలం ఊరింది, దానితో పాటు ఒళ్లంతా చెమటలు పట్టాయి. గుంటూరు మే నెలలో రేకుల షెడ్డు కింద కూర్చునే మనిషికి అది భరించలేని మందు. తనంతట తానే ఆపేసింది. సగం బిళ్లను రెండు భోజనాలకు అరగంట ముందు మాత్రమే వేసుకోమన్నాము. తినే వేళకు కాస్త తడి ఉంటే చాలన్నది లెక్క, అది కుదిరింది. నాలుక ఎర్రగా నున్నగా ఉండి పెదవుల మూలలు చీలడం కాండిడా వల్లనని గుర్తించి ఫంగస్ మందు వాడాక, ఏళ్ల తరబడి ఉన్న మంటలో పెద్ద వాటా తగ్గింది. 'వేడి' అనిపించుకున్నది చాలావరకు ఇదే. నోరు ఊరడానికి ఉసిరి ముక్క, చింతపండు, నిమ్మసోడా వాడే అలవాటును మాన్పించడానికి ఎక్కువ కష్టపడ్డాము. కడగడానికి లాలాజలం లేని నోట్లో పులుపు పంటి పింగాణీని తినేస్తుంది. చక్కెర లేని చూయింగ్ గమ్, ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, దంత వైద్యుడి దగ్గర క్రమం తప్పని ఫ్లోరైడ్ పూతతో మిగిలిన పళ్లు నిలిచాయి.

హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను కీళ్ల నొప్పులకోసం మొదలుపెట్టాము, పొడిదనం కోసం కాదు. 2014లో వెలువడిన జోకర్ అనే ఫ్రెంచ్ అధ్యయనంలో 24 వారాల తర్వాత అది పొడిదనం, నొప్పి, అలసటల మీద ఉత్తుత్తి బిళ్ల కంటే మెరుగ్గా పనిచేయలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పే, నొప్పి బిళ్లలు మాన్పించే ప్రయత్నంగా ఇచ్చాము. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి ఆ బిళ్లలు విషమే. బరువు 46 కిలోలు కనుక రోజుకు 200 మిల్లీగ్రాములు, అంటే కిలోకు 5 మిల్లీగ్రాముల హద్దు లోపలే. కిడ్నీ బలహీనంగా ఉంటే ఈ మందుకు రెటీనా ముప్పు పెరుగుతుంది కనుక మొదట్లోనే రెటీనా పరీక్ష చేయించాము, ఐదేళ్ల దాకా ఆగకుండా ఏటా చేయిస్తున్నాము. కీళ్లు కొంత నయం. తక్కినవి పుస్తకం చెప్పినట్టే మారలేదు.

కిడ్నీ నిర్ణయం

మొదట క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగేది) 1.3 ఉంది, మూత్రంలో ప్రొటీన్ స్వల్పం. కిడ్నీ వైద్యుడితో చర్చించి, క్షారం ఇస్తూ గమనిద్దామని అనుకున్నాము. గొట్టాల లోపం ఒక్కటే ఉంటే స్టెరాయిడ్లు దాన్ని తిరిగి తెస్తాయన్న భరోసా లేదు, వాటి హాని మాత్రం ఖాయం. కొన్ని నెలలకు నొప్పి బిళ్లలు పూర్తిగా మానినా క్రియాటినిన్ 1.8కి చేరింది. అక్కడ లెక్క మారింది. కిడ్నీ బయాప్సీలో గొట్టాల చుట్టూ లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు గుమిగూడి ఉన్నాయి, మచ్చకట్టిన భాగం తక్కువ. అంటే కాపాడుకోగల కిడ్నీ ఇంకా ఉంది. క్షయ, హెపటైటిస్ బి లేవని చూసుకుని ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టి, నెలల మీద తగ్గిస్తూ రోగనిరోధక శక్తిని అణిచే మైకోఫినొలేట్ చేర్చాము; గర్భంలోని శిశువుకు హాని చేసే మందు అది, ఈమెకు ఆపరేషన్ అయిపోయింది కనుక ఆ చింత లేకపోయింది. క్రియాటినిన్ 1.3కు దిగి అక్కడ నిలిచింది. సిట్రేట్ మాత్రం ఆపలేకపోయాము, గొట్టాల లోపం అలాగే ఉంది.

స్టెరాయిడ్ వాడిన ఆ నెలల్లో కూడా షర్మర్ కాగితం ముందుకంటే ఎక్కువ తడవలేదు. ఈ జబ్బులో పొడిదనాన్ని ఒక జాబితాగా, అవయవాల మీద దాడిని మరో జాబితాగా రాసుకుని, రోగనిరోధక శక్తిని అణిచే మందులను రెండో జాబితాకే కేటాయించాలన్న మాటకు ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు. నోరు ఎండుతోందన్న ఒక్క ఫిర్యాదుతో ఏళ్లకేళ్లు స్టెరాయిడ్ మింగుతున్న రోగులను మన దగ్గర ఇప్పటికీ చూస్తున్నాము.

ఇప్పుడు గమనిస్తున్నవి

చెవి కింద గ్రంథి ఒకవైపు ఉబ్బి తగ్గకుండా ఉండడం, కాళ్ల మీద ఊదారంగు మచ్చలు, మెడలో గడ్డలు, రక్తంలో సీ4 అనే రోగనిరోధక ప్రొటీన్ తగ్గడం వంటివి ఈ రోగుల్లో లింఫోమా (లింఫోసైట్ల క్యాన్సర్) ముప్పును సూచించేవి. ఈమెకు ఆ గ్రంథులు ఇప్పటికి మెత్తగా, చిన్నగానే ఉన్నాయి. సీ4 మామూలుగా ఉంది. చేత్తో తడిమి చూసుకోవడం ఆమె కూతురికి నేర్పాము. కూతురికి పెళ్లి సంబంధాలు చూస్తున్నారు కనుక, కళ్లు, నోరు ఎండడం లాంటి బాధలేమీ లేకపోయినా యాంటీ-రో పరీక్ష చేయించాలా అని తల్లి అడిగింది. బాధలు లేని మనిషికి అవసరం లేదని, ఎప్పుడైనా మొదలైతే మాత్రం గర్భం దాల్చకముందే చూపించుకోవాలని చెప్పాము. యాంటీ-రో ఉన్న తల్లుల శిశువుల్లో నూటికి ఒకరిద్దరికి గర్భంలోనే గుండె లయ మందగించే ప్రమాదం ఉంటుంది.

ఆమె తొడిమల పనికి మళ్లీ వెళ్తోంది, పూట పని మాత్రమే. అలసట మిగిలే ఉంది. థైరాయిడ్, రక్తహీనత, విటమిన్ డి, నిద్ర అన్నీ చూశాము. విటమిన్ డి తక్కువగా ఉంటే సరిచేశాము. దాంతో ఎముకల నొప్పి తగ్గింది, అలసట తగ్గలేదు. పొద్దున చల్లపూట నడకతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచడం ఒక్కటే ప్రస్తుతం చేయిస్తున్నది.